లొంగని అంకె

మొన్న మా మనవరాలు కొత్త కాలిక్యులేటర్ తెచ్చుకుంది. అరచేతిలో పట్టే పలక, దాని మీద చిన్న చిన్న మీటలు. వచ్చినప్పటినుంచీ ఇంట్లో ఎవరినీ వదలడం లేదు. పాలవాణ్ణి కూడా నిలబెట్టి ఏదో హెచ్చవేసి చూపించింది. నా దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, నువ్వు ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పావు కదా, ఏదీ, ఓ పెద్ద అంకె చెప్పు, ఇది ఎన్ని ముక్కలవుతుందో చూస్తా" అంది. నేను ఆలోచించలేదు. నోటికి వచ్చింది చెప్పేశాను. తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై ఏడు. అది మూడుతో కొట్టింది, ఏడుతో కొట్టింది, పదకొండు, పదమూడు, పదిహేడు. ఎక్కడా తెగలేదు. పది నిమిషాలకి విసుగొచ్చి "ఇది ప్రైమ్ నంబరే, నువ్వు కావాలనే ఇచ్చావు" అని మూతి ముడిచింది. ఏడు వందల యాభై ఏడుతో కొట్టమన్నాను. కొట్టింది. పలక మీద వెయ్యిన్ని మూడు వందల ఇరవై ఒకటి అని వచ్చింది, చుక్క తర్వాత ఏమీ లేదు. "నీకెలా తెలుసు?" అని నా మొహంలోకి చూసింది. వంట చూసుకోవాలని చెప్పి లేచిపోయాను. నిజానికి స్టవ్ మీద ఏమీ లేదు. వంటింట్లో నిలబడి చాలాసేపు చేతులు కడుక్కున్నాను.

మా నాన్నగారి ఉద్యోగం కొయ్యూరు కొండల్లో. కొండల్లో పితూరీ అణిగి పటాలాలు వెళ్ళిపోయిన రోజులవి. అక్కడి నీళ్ళు పిల్లలకి పడవని నన్నూ అమ్మనీ నర్సీపట్నంలో పెదనాన్నగారింట్లో ఉంచారు. పెదనాన్న బళ్ళో లెక్కల మాస్టారు. సన్నగా పొడుగ్గా ఉండేవారు, ఎప్పుడూ బుగ్గన ఓ లవంగం ఉండేది. స్నానం చేస్తూ మంత్రాలకి బదులు పంతొమ్మిదో ఎక్కం చదివేవారు. దొడ్డమ్మకి అది పెద్ద అప్రతిష్ఠ. "దేవుడు వింటే ఏటనుకుంటాడండీ" అనేది. "పంతొమ్మిదో ఎక్కం తప్పు లేకుండా చదివినవాడు ఒకడున్నాడనుకుంటాడు" అనేవారాయన. వాళ్ళకి ఒక్కతే కూతురు, సుభద్ర. నాకన్నా మూడేళ్ళు పెద్ద. నేను అప్ప అని పిలిచేదాన్ని. నాకు భాగహారం నేర్పింది పెదనాన్న కాదు, అప్పే. వసారాలో బోర్లా పడుకుని, నా జడ చివర చేత్తో పట్టుకుని, నేను తప్పు అంకె వేస్తే ఓసారి లాగేది. పదేళ్ళు వచ్చేసరికి నేను మూడంకెల భాజకంతో కూడా తడుముకోకుండా చేసేదాన్నంటే ఆ జడ పుణ్యమే.

ఆ ఏడు వానలు వెనకబట్టాక దొడ్డమ్మ పుట్టింటివాళ్ళ పని మీద అప్ప కృష్ణదేవిపేట వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చింది. వచ్చిన వారానికి చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు వచ్చేది. పొద్దున్న బాగానే ఉండేది, గంజి తాగేది, నా జడ లాగేది. వసారా మెట్లలో రెండో మెట్టు మీదకి ఎండ రాగానే గోళ్ళు నీలంగా అయిపోయేవి. ఆ తర్వాత వణుకు. రెండు రగ్గులు, దొడ్డమ్మ చీరలు, చివరికి మా అమ్మ వెళ్ళి ఆమె మీద పడుకున్నా ఆగేది కాదు. మంచం కోళ్ళు గచ్చు మీద టకటకా కొట్టుకునేవి. ఆ చప్పుడు వీధిలోకి వినిపించేది. ఇంట్లో ఎవరూ దాన్ని జ్వరం అనేవారు కాదు. "అది వచ్చే వేళయింది" అనేవారు. ఎండ మొదటి మెట్టు దిగుతూంటే అందరూ మాటలు ఆపేసేవారు, గిన్నె చప్పుడు కూడా చెయ్యకుండా. ఇంట్లో ఎవరూ లేరనుకుని అది తిరిగి వెళ్ళిపోతుందని దొడ్డమ్మ ఆశ. నేనూ ఊపిరి బిగపట్టి స్తంభం వెనకాల కూచునేదాన్ని. నిశ్శబ్దంలోంచి ముందు ఒక కోడు, తర్వాత రెండోది, తర్వాత నాలుగూ కొట్టుకోవడం మొదలుపెట్టేవి.

ఆస్పత్రి డాక్టరుగారు క్వినైన్ ఇచ్చారు. మింగిన ప్రతిసారీ అప్ప కక్కేసేది. నేలవేము కషాయం, వేపాకు పొగ, అన్నీ అయ్యాయి. ఆ వాసనలు గోడలకి పట్టేశాయి. తర్వాత దొడ్డమ్మ సిద్ధాంతిగారిని పిలిపించి రాగిరేకు రాయించింది. మా వైపు అప్పట్లో విడవని జ్వరానికి అంకెల యంత్రం కట్టడం మామూలే. తొమ్మిది గళ్ళు గీసి, ఒకటినుంచి తొమ్మిదిదాకా అంకెలు ఎటు కూడినా పదిహేను వచ్చేలా వేస్తారు. రేకుని చుట్టి నల్లదారంతో మెడలో కడతారు. కట్టిన మర్నాడే రెండో మెట్టు మీదకి ఎండ వచ్చింది, మంచం కోళ్ళు మోగాయి. బడినుంచి వచ్చిన పెదనాన్న ఆ రేకు చేతిలోకి తీసుకుని నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే, నవ్వేదేం లేనప్పుడు మనిషి నవ్వే నవ్వు. "పదిహేనా? పదిహేను మూడుకీ లొంగుతుంది, అయిదుకీ లొంగుతుంది. మూడో నాడు వచ్చే జ్వరానికి మూడుకి లొంగే అంకె కడతారా ఎవరైనా? తలుపు తీసి రమ్మన్నట్టే కదా!"

వేళాకోళానికే అన్నారు. ఆయనకి తాయెత్తుల మీద నమ్మకం లేదు. కానీ దొడ్డమ్మ నవ్వలేదు. తడి చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ ఆయన ముందుకు వచ్చి నిలబడింది. "అయితే దేనికీ లొంగని అంకె ఉన్నాదా?"

"ఉంటాయి. ప్రధాన సంఖ్యలంటారు. వాటిని ఏ అంకే భాగించలేదు, ఒకటీ తనూ తప్ప."

"అందులో అన్నిటికన్నా పెద్దది సెప్పండి."

"అన్నిటికన్నా పెద్దదంటూ లేదే. ఎంత దూరం వెళ్ళినా ఇంకొకటి ఉంటుంది."

"రేకు మీద పట్టేది సెప్పండి. మీకు అన్ని లెక్కలొచ్చు కదా, ఈ ఒక్కటీ సెప్పలేరేటి? బేగి సెప్పండి, ఎల్లుండి మళ్ళీ వస్తాది అది."

పెదనాన్న ఏదో అనబోయి మంచం వైపు చూశారు. అప్ప నిద్రపోతోంది, పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆయన చొక్కా కూడా విప్పకుండా పలక అందుకున్నారు. ఊళ్ళో ఏ లెక్కైనా తేల్చగల మనిషికి, తన కూతురి విషయంలో చెయ్యగలిగిన పని ఒక్కటి దొరికింది. అది పిచ్చిపని అని ఆయనకి తెలియదనుకోను.

పది లక్షలకి దిగువన మొట్టమొదట తగిలే లొంగని అంకె కావాలన్నారు. అన్నీ తొమ్మిదులే ఉన్న అంకె చూడ్డానికి కోటగోడలా ఉంటుంది, కానీ మూడు, ఏడు, పదకొండు, పదమూడు, ముప్ఫై ఏడు, అన్నీ దాంట్లో దూరిపోతాయి. దాని కింది అంకె సరిసంఖ్య. దాని కిందది తొంభై ఏడుతో అంతమయ్యేది. అది చిన్నవాటికి దేనికీ లొంగలేదు. పెదనాన్న నన్ను పిలిచి కూచోబెట్టారు. వెయ్యి లోపల ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిది ఉన్నాయట. ఆ జాబితా ఆయన పాత నోటుబుక్కులో ఉంది. వాటన్నిటితోనూ భాగించి చూడాలి. వెయ్యి దాటి చూడక్కర లేదన్నారు. "ఎందుకంటే లోపల దాక్కున్నవాళ్ళు ఎప్పుడూ జంటగా దాక్కుంటారమ్మా. ఒకడు వెయ్యికి అవతల ఉంటే, వాడి జోడీ తప్పకుండా ఇవతల ఉంటాడు. ఇవతలవాడు లేడంటే అవతలవాడూ లేడు." పాఠం చెప్పినట్టే చెప్పారు. కానీ అప్పటినుంచి ఆ అంకెని చూస్తే నాకు లోపల ఎవరో చప్పుడు చెయ్యకుండా కూచున్నట్టే ఉండేది.

ఇల్లంతా అదే పిచ్చి పట్టింది. దొడ్డమ్మ వేపాకులు ఏడు లెక్కపెట్టి వేసేది, పదకొండు వేసేది, తొమ్మిది మాత్రం వేసేది కాదు. మూడు కూడా లొంగని అంకేనని పెదనాన్న చెప్పినా వినలేదు. అది జ్వరం అంకె అంది. ముగ్గురం కలిసి అన్నానికి కూచుంటే మా అమ్మని లేపేసేది. నేను రాత్రి పడుకునేముందు పైకప్పు దూలాలు లెక్కపెట్టి, పదిహేను ఉన్నాయని తెలిసి, ఆ గదిలో పడుకోనని ఏడ్చాను. అప్ప ఒక్కతే నవ్వేది. "మీరందరూ ఎర్రోళ్ళయిపోతన్నారే" అనేది. నవ్వుతూనే, ఎవరూ చూడకుండా తన వేళ్ళు లెక్కపెట్టుకునేది.

అయిదు వందల లోపల తొంభై అయిదూ పెదనాన్న ఒక్క రాత్రిలో చేశారు. దేనికీ లొంగలేదు. మిగతా డెబ్భై మూడూ నాకు అప్పగించి బడికి వెళ్ళారు. ఆ రోజు జ్వరం రాని రోజు. మర్నాడు పొద్దున్న కంసాలి వస్తాడు, ఎండ మెట్టు దిగకముందే రేకు కట్టాలి. నేను అప్ప మంచం పక్కనే చాప వేసుకుని కూచున్నాను. పలక మీద చెయ్యడం, శేషం ఎంతో కాగితం మీద రాయడం, తడిగుడ్డతో తుడవడం. మధ్యాహ్నానికి ముప్ఫై ఎనిమిది అయ్యాయి. ముప్ఫై తొమ్మిదోది ఏడు వందల యాభై ఏడు.

ఒకసారి పోయింది. రెండు వందల నలభై రెండు మిగిలింది. తొమ్మిది దింపాను, మూడుసార్లు. నూట యాభై ఎనిమిది. ఇంకో తొమ్మిది దింపాను, రెండుసార్లు. డెబ్భై అయిదు మిగిలింది. ఇక దింపవలసింది చివరి ఏడు. దింపాను. పలక అడుగున డెబ్భై అయిదు పక్కన ఏడు. ఏడు వందల యాభై ఏడు. దేనితో భాగిస్తున్నానో అదే. ఇంతసేపూ వెతుకుతున్నవాడు నా ముందుకే వచ్చి నిలబడ్డాడు. బలపం కింద పడింది.

"ఎన్నయ్యాయే బుల్లీ?" అంది అప్ప. నిద్రపోతోందనుకున్నాను. గోడ వైపు తిరిగి ఉంది, ఇటు తిరగలేదు.

"ఇంక ముప్ఫై నాలుగే అప్పా."

"దేనికీ లొంగలేదు కదూ?"

నేను బలపం కోసం చాప మీద తడుముతున్నాను.

"అది లొంగిపోతే నేనూ లొంగిపోతానేమోనే" అంది, చాలా మామూలుగా, వాన వస్తుందేమో అన్నట్టు.

చివరి ఏడుని తుడిచి తొమ్మిది వేశాను. ఏడు వందల యాభై తొమ్మిదిలోంచి ఏడు వందల యాభై ఏడు పోతే రెండు. కాగితం మీద శేషం రెండు అని రాశాను. "లేదప్పా, లొంగలేదు" అన్నాను. అబద్ధం ఆడినందుకు కాదు నాకు భయం వేసింది. పలక తుడిచాక కూడా ఆ సున్నా అక్కడే ఉన్నట్టు అనిపించింది. గుడ్డతో రుద్దీ రుద్దీ వేళ్ళు ఎర్రబడ్డాయి. మిగతా ముప్ఫై నాలుగూ ఒక్క తప్పు లేకుండా చేశాను. అవి నిజంగానే లొంగలేదు.

మర్నాడు కంసాలి వచ్చి ఆరంకెలూ చెక్కాడు. దొడ్డమ్మ కట్టింది. ఎండ మొదటి మెట్టు దిగింది, రెండో మెట్టు మీదకి వచ్చింది, అక్కడినుంచి నేల మీదకి జరిగిపోయింది. మంచం కదలలేదు. అప్ప గోళ్ళు ఎర్రగానే ఉన్నాయి. దొడ్డమ్మ గుమ్మంలోనే కూలబడి పెద్దగా ఏడ్చింది, ఆనందానికి. పెదనాన్న మాత్రం ఆ రోజు నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నాకు అది కూడా నయమే అనిపించింది. అబద్ధం పనిచేసింది. అంకె లోపల ఎవరున్నారో జ్వరానికి తెలియదు, నేను చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. నేను నోరు మూసుకుంటే చాలు, అప్ప బతుకుతుంది. పదేళ్ళ పిల్లకి అంత బరువు ఎవరూ పెట్టరు. నాకు నేనే పెట్టుకున్నాను. ఆ రెండు రోజులూ ఎవరైనా ఏడు అంటే ఉలిక్కిపడేదాన్ని.

ఒక రోజు విడిచి అది వచ్చింది. ఎండ కోసం కూడా ఆగలేదు, పొద్దున్నే వచ్చింది. వణుకు తగ్గాక ఒళ్ళు కాలిపోతూ అప్ప ఏదేదో మాట్లాడింది. తెలిసినవాళ్ళ పేర్లు, కృష్ణదేవిపేటలో ఎవరింట్లోనో ఆవుదూడ. తర్వాత కళ్ళు తెరిచి సరిగ్గా నన్నే చూస్తూ, మెల్లగా, ఒక్కొక్కటే, "ఒకటీ... మూడూ... రెండూ... ఒకటి" అంది. మళ్ళీ అదే వరస. "ఏటమ్మా అది, ఏటి లెక్కపెడతన్నావు?" అని దొడ్డమ్మ అడుగుతోంది. ఏడు వందల యాభై ఏడుతో భాగిస్తే పైన వరసగా వచ్చిన అంకెలవి. జంటలో రెండోవాడు. ఆ అంకెలు చూసినదాన్ని నేనొక్కదాన్నే, చూసి తుడిచేశాను. నాకు నిద్రలో మాట్లాడే అలవాటు ఉంది, అప్ప పక్కనే పడుకునేదాన్ని, నా నోటినుంచే వినుంటుంది. పెద్దయ్యాక వెయ్యిసార్లు నాకు నేను ఇదే చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ ఆ కళ్ళు గుర్తొచ్చేవి. అవి జ్వరంలో ఉన్న కళ్ళు కావు, తప్పు అంకె వేసినప్పుడు జడ లాగే ముందు చూసే చూపు.

ఆ తర్వాత దానికి రోజు విడవడం లేదు, వేళ లేదు. మూడో రోజు తెల్లవారేసరికి అప్ప పోయింది. ఇంత కంటే రాయలేను.

అప్పని తీసుకెళ్ళి వచ్చిన రోజు పెదనాన్న తడిబట్టలతోనే వసారాలో కూచుని పలక ముందు పెట్టుకున్నారు. భాగహారాలు చేస్తున్నారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు గేటు దగ్గరే ఆగిపోయారు. మాస్టారికి మతి పోయిందనుకున్నారు. మా అమ్మ నన్ను లోపల గదిలో పెట్టి తలుపు వేసేసింది. తలుపులోంచి బలపం చప్పుడు వినిపించింది, అది ఆగకముందే నాకు నిద్ర పట్టేసింది.

తర్వాత ఆయన మామూలుగానే బడికి వెళ్ళారు. ప్రధాన సంఖ్యల పాఠం వచ్చే వారం మాత్రం ఏటా సెలవు పెట్టేవారని తర్వాత తెలిసింది. స్నానం చేస్తూ ఎక్కాలు చదవడం మానేశారు. ఇంట్లో నీళ్ళ చప్పుడు ఒక్కటే వినిపించేది. నేను ఆ ఇంట్లో ఇంకో ఏడేళ్ళు ఉన్నాను. ఇప్పుడు మనవరాలి పలక రెప్పపాటులో చెప్పేస్తోంది ఆ సంగతి. దానికి సున్నాని చూస్తే భయం లేదు. మంచం మీద ఎవరున్నారో దానికి అక్కర్లేదు, అందుకే అది అబద్ధం ఆడదు. మంచిదే. కానీ ఆనాడు మా ఇంట్లో అలాంటిది ఉంటే దాన్ని నూతిలో పారేసేవాళ్ళమేమో అనిపిస్తుంది నాకు.

టీచరు ట్రైనింగుకి వెళ్ళే ముందు రోజు చెప్పేశాను. సాయంత్రం, వసారాలోనే. పెదనాన్న కుర్చీలో కూచుని ఉన్నారు. నేను కింద కూచున్నాను, ఆయన మొహం చూడకుండా చెప్పడానికి.

"పెదనాన్నా, ఆ రోజు ఏడు వందల యాభై ఏడు దగ్గర..."

"శేషం రెండని రాశావు" అన్నారు.

"రెండు కాదండీ."

"తెలుసమ్మా."

నేను తలెత్తాను. ఆయన వీధిలోకి చూస్తున్నారు. "నువ్వు చేసినవన్నీ ఆ సాయంత్రమే మళ్ళీ చేసి చూశాను. పిల్ల చేసిన లెక్క చూడకుండా ఎలా కట్టిస్తాను? సున్నా వచ్చింది. లోపలికెళ్ళి చెబుదామని లేచాను. మీ దొడ్డమ్మ రేకు తోముతోంది. 'తేలిందా అండీ?' అంది. నాకూ నోరు రాలేదు. తేలిందన్నాను."

"నా వల్లే..." అన్నాను. ఏడుపు ఆగలేదు.

"అంకెల వల్ల ఎవరూ పోరు. అది మన్యం జ్వరం. అంతే." మళ్ళీ ఆయనే, "పగలు ఆ మాటే అనుకుంటాను" అన్నారు.

"మరి ఇంకోటి వెతకలేదా?"

"జ్వరం రాని రోజున, తప్పు అంకె అయినా చాలునేమో అనుకున్నాను. లెక్కల మాస్టార్ని, నేనూ అలా అనుకున్నాను. మళ్ళీ వచ్చిన రోజు మొదలుపెట్టాను. మంచం పక్కన కూచునే చేశాను. తొంభై ఒకటితో అంతమయ్యేది పదిహేడుకి లొంగింది. ఎనభై తొమ్మిదిది పంతొమ్మిదికి. ఎనభై మూడుది మిగిలింది. సగంలో ఉండగా సుభద్ర పోయింది. తీసుకెళ్ళి వచ్చి మిగతా సగం చేశాను."

"ఎందుకండీ అప్పుడు?"

"ఆపడం చేతకాలేదమ్మా. నూట అరవై ఎనిమిదీ అయ్యాయి. దేనికీ లొంగలేదు. దాని లోపల ఎవరూ లేరు." ఆయన గొంతు తగ్గింది. "అప్పుడు నాకు ఏదీ గుర్తు లేదు బుల్లీ. పలక ఎత్తి పట్టుకుని లోపలికి కేకేశాను. 'సుభద్రా, దొరికిందే! బేగి రా!' అని. వంటింట్లోంచి మీ దొడ్డమ్మ, 'వస్తన్నాదండీ' అంది. ఇద్దరం గుమ్మం వైపే చూస్తూ కూచున్నాం."